సారంగధరుడికి సూటూ బూటూ ఎందుకండీ!

మా రోజుల్లో నాటకమంటే రాత్రి తొమ్మిదింటికి తెర లేస్తే తొలికోడి కూసేదాకా ఆడేది. ఇప్పుడు తొమ్మిది దాకా సన్మానాలే. ఆపైన ఓ ముప్పావుగంట నాటకం. మధ్యలో ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడని మళ్ళీ ఓ శాలువా. ఈ మాట ఎత్తితే మా ఇంట్లో ఎవరి దారిన వాళ్ళు జారుకుంటారు. మనవరాలు ఫోను పట్టుకుని డాబా ఎక్కేస్తుంది. ఎక్కనివ్వండి. నేను చెప్పేది చెబుతూనే ఉంటాను.

అయితే ఈసారి నా కోపం ఊళ్ళోవాళ్ళ మీద కాదు. లండన్లో ఉద్యోగం చేస్తున్న మా పెద్ద మనవడు ఫోన్ చేశాడు. 2024లో అక్కడి విండమ్స్ థియేటర్లో ‘ఈడిపస్’ చూశాడట.

"తాతయ్యా, రెండున్నర వేల ఏళ్ళ నాటి నాటకం చూశాను, తెలుసా?"

"చాలా సంతోషం నాన్నా. రాజు కిరీటం ఎలా ఉంది?"

"కిరీటం లేదు తాతయ్యా, సూటు. ఈడిపస్ ఎలక్షన్లో నిలబడ్డ లీడరు. రిజల్టు వచ్చే రాత్రి జరిగే కథ. స్టేజి మీద గడియారం సున్నా దాకా వెనక్కి నడుస్తూ ఉంటుంది."

"మరి కోరస్? పదిహేను మంది ఆడుతూ పాడుతూ తిరగాలి కదరా."

"లేరు. ఇంట్లోవాళ్ళూ, పార్టీవాళ్ళూ అంతే."

"పోనీ పద్యాలు?"

"పద్యాలేంటి తాతయ్యా? మాటలే."

రాబర్ట్ ఐక్ అనే ఆయన తయారుచేసిన నాటకమట అది. మార్క్ స్ట్రాంగ్ ఈడిపస్ వేశాడు, లెస్లీ మాన్‌విల్ యొకాస్తా వేసింది. 2025లో ఒలివియర్ అవార్డులు కూడా ఇచ్చారు. నటులు గొప్పవాళ్ళే అయ్యుంటారు, కాదనను. కానీ పాట తీసేసి, కోరస్ తీసేసి, కిరీటం తీసేసి, ఇది సోఫొక్లీస్ నాటకమంటే ఎలాగండీ? ఆ పాత కథ పట్టుకుని కొత్త నాటకం రాశామంటే సరిపోయేది.

ఈ పెనుగొండ ముసలాడికి గ్రీకువాళ్ళ గొడవెందుకని మీరనుకోవచ్చు. పగలు బళ్ళో ఇంగ్లీషు పాఠాలు, రాత్రి పందిట్లో ప్రాంప్టింగు, ఇదీ నా జీవితం. ఆచంట, మార్టేరు, పాలకొల్లు, తణుకు, ఎక్కడ నాటకం పడినా వింగు పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డవాణ్ణి. గ్రీకు నాటకాల గురించి చదివిన కొద్దీ ఇవన్నీ మా పందిట్లో సంగతులేనే అనిపించేది.

చూడండి. ఏథెన్సులో వసంతకాలంలో డయొనైసస్ దేవుడికి ఉత్సవం చేసేవారు. అప్పుడే నాటకాల పోటీ. కొండవాలు మీద జనం, ఆరుబయట, పట్టపగలు. ముగ్గురు కవులు పోటీకి దిగితే ఒక్కొక్కరూ మూడు విషాద నాటకాలు, చివర్లో ఏడ్చినవాళ్ళు నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళడానికి ఒక అల్లరి నాటకం ఆడించేవారు. కోరస్ ఖర్చు ఊళ్ళో డబ్బున్న ఆసామి నెత్తిన పడేది. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు. చివర జడ్జీలు, బహుమతులు.

మన దగ్గర? దేవుడి కల్యాణానికో దసరాకో నాటకం. ఖర్చు రైసుమిల్లు ఆసామిదో, కొట్టున్న సెట్టిగారిదో. ఆడవేషానికి స్థానం నరసింహారావు గారు. ఆయన సత్యభామగా తెర తీసుకుని వస్తుంటే ఆడవాళ్ళే నోళ్ళు తెరుచుకుని చూసేవారని మా నాన్న చెప్పేవాడు. ఇక పోటీలంటారా, 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచీ పరిషత్తులూ, జడ్జీలూ, వాళ్ళని తిట్టుకోవడాలూ మనకి అలవాటే. ఫస్ట్ ప్రైజు రాలేదని చిన్నబుచ్చుకునే కుర్రాళ్ళకి నేను చెప్పేదొకటే. సోఫొక్లీస్ ఈడిపస్‌తో పోటీకి దిగిన ఏడాది ఆయనకీ ఫస్ట్ రాలేదు. అది ఫిలొక్లీస్ అనే ఆయన కొట్టేశాడు. ఆ ఫిలొక్లీస్ రాసిన నాటకం ఒక్కటీ ఇవాళ మనకి దక్కలేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. వాళ్ళు ముగ్గురు నటులతో నాటకంలోని వేషాలన్నీ నడిపించేవారు, మొహానికి ముసుగులు మార్చుకుంటూ. మనం ఒక్క కృష్ణుడికి ముగ్గురు నటుల్ని పెట్టేవాళ్ళం! పడకసీనుకి ఒకాయన, రాయబారానికి ఒకాయన, తెల్లారగట్ల యుద్ధానికి ఇంకొకాయన. పీసపాటి నరసింహమూర్తి గారిదా, షణ్ముఖి ఆంజనేయరాజు గారిదా అసలు రాయబారం అని మా ఊరి కాఫీ హోటల్లో జనం కొట్టుకునేదాకా వెళ్ళేవారు. ఇవాళ ఆ బల్లల దగ్గర క్రికెట్టు.

అసలు గ్రీకు విషాదం మన గోదావరి గట్టునే ఉంది. సారంగధర కథ తెలియని రాజమండ్రి మనిషి ఉంటాడా? రాజరాజ నరేంద్రుడు కొడుక్కని అడిగిన పిల్లని తనే కట్టుకున్నాడు. ఆమె చిత్రాంగి. రాజు వేటకి వెళ్ళినప్పుడు సారంగధరుడి పావురం ఎగిరి ఆమె మేడలో వాలింది. పావురం కోసం వెళ్ళిన కుర్రాడిని చిత్రాంగి కోరింది. తల్లివంటి దానివి, తప్పన్నాడు. రాజు తిరిగొచ్చాక ఆమె నేరం కుర్రాడి మీద వేసింది. తండ్రి విచారించకుండా కాళ్ళూ చేతులూ నరికించాడు. ఊళ్ళో ఇప్పటికీ సారంగధర మెట్ట చూపిస్తారు. చరిత్రలో మాత్రం దీనికి ఆధారం లేదు. రాజరాజు 11వ శతాబ్దంలో నన్నయ చేత భారతం రాయించిన మహానుభావుడు. ఆయన అసలు కొడుకు కాళ్ళూ చేతులూ భేషుగ్గా ఉండి, కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. అయినా కథ చరిత్రని మింగేసింది.

యూరిపిడీస్ క్రీస్తుపూర్వం 428లో పోటీకి పెట్టి గెలిచిన ‘హిప్పొలిటస్’ తీసి చదవండి. సవతి తల్లి ఫీడ్రా, ఆమెని కాదన్న కొడుకు హిప్పొలిటస్, నిజం తేల్చుకోకుండా శపించిన తండ్రి థీసియస్. పావురం లేదు, రథం ఉంది. కత్తి లేదు, సముద్రంలోంచి వచ్చిన ఎద్దు ఉంది. మిగతాదంతా మన కథే. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారనే పరిశోధన నాకక్కర్లేదు. తొందరపడ్డ తండ్రులు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

ఈ కథని తెలుగులో విషాదాంత నాటకం చేసినవాడు బళ్ళారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, 19వ శతాబ్దం చివర్లో. పాత కావ్యాల్లో సిద్ధుడొచ్చి కుర్రాడికి కాళ్ళూ చేతులూ తిరిగి ఇస్తాడు. నాటకం మంగళంతో ముగియాలన్నది సంస్కృతం వాళ్ళ ఆచారం. ఈయన ఆ ఊరట ఇవ్వకుండా ‘విషాద సారంగధర’ అని పేరు పెట్టి మరీ రాశారు. అదే ఊళ్ళో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు గారు ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో ఏకంగా పుస్తకమే వేశారు. ఇవాళ ఏ ఊరి బార్ అసోసియేషన్లోనైనా అడిగి చెప్పండి, నాటకం రాసే వకీలు ఎంతమంది ఉన్నారో.

ఆ సారంగధర మా చుట్టుపక్కల ఓ ఊళ్ళో పడినప్పుడు నేను వింగులో ఉన్నాను. రాజు వేషం కట్టినాయన పేరున్న నటుడేం కాదు, బస్తాలు తూచే గుమాస్తా. కొడుక్కి శిక్ష వేసే పద్యం ఎత్తుకున్నాడు. చివర్లో రాగం తీసి, తీసి, గొంతు సన్నబడి ఆగిపోయింది. పద్యంలో ఆఖరి మాట ఇంకా మిగిలే ఉంది. మర్చిపోయాడేమోనని నేను అందించబోయాను. హార్మోనిస్టు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. లెగ్ హార్మోనియం పెడలు ఆపలేదు, వేలు శ్రుతి మీంచి తియ్యలేదు. పందిరంతా ఆ ఒక్క శ్రుతి. రాజు కొడుకు వైపు చూడలేక పక్కకి తిరిగి, ఆ మిగిలిన మాట రాగం లేకుండా, మామూలుగా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. వన్స్ మోర్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కథ తెలియక వచ్చినవాళ్ళా వాళ్ళంతా? ఒక్కడు కూడా కాదు. ఈడిపస్ కళ్ళు పొడుచుకుంటాడని ఏథెన్సులో ప్రతివాడికీ తెలుసు. తెలిసే వచ్చారు. ఏమవుతుందో చూడ్డానికి కాదు, అది వచ్చి మీద పడేటప్పుడు మనిషి ఎలా నిలబడతాడో, ఎలా గొంతెత్తుతాడో చూడ్డానికి. దానికి టైము కావాలి, పాట కావాలి, మొదటినుంచీ చూసిన జనం కావాలి. ఈ మూడూ లేకుండా విషాదం పండదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

మరి లండన్ వాడు పాట తీసేశాడని తిట్టాను కదా, మనమేం చేస్తున్నామో కూడా చెప్పాలి. మనం పాట ఉంచాం, నాటకం తీసేశాం. ఇవాళ ఏ ఉత్సవంలోనైనా మీకు దొరికేది ముక్కలు. హరిశ్చంద్రలో ఒక్క కాటిసీను, ఉద్యోగ విజయాల్లో ఒక్క రాయబారం, తులాభారంలో ఓ పావుగంట. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకోవడం మీరు చూడలేదు, వారణాసిలో పెళ్ళాన్నీ బిడ్డనీ అమ్ముకోవడం చూడలేదు. తిన్నగా శ్మశానంలోకి తీసుకెళ్ళి ఏడవమంటే ఎలా ఏడుస్తారు? డి.వి. సుబ్బారావు గారి కాటిసీను అంత పండిందంటే దాని ముందు రాత్రంతా గడిచింది కాబట్టి. ఇప్పటివాళ్ళు దాన్ని చివాఖరి రాగంతో మొదలుపెడతారు, చప్పట్లు పడ్డాక ఆపుతారు. నటుడి చెంపకి అంటించిన మైకు వల్ల ఆయన ఊపిరి తీసుకున్నదీ, గుటక మింగినదీ కూడా మనకి వినపడుతుంది. పద్యంలో మాట మాత్రం వినపడదు. కొన్నిచోట్ల హార్మోనిస్టు కూడా లేడు, రికార్డు చేసిన ట్రాకు. నటుడు ఆగితే ట్రాకు ఆగుతుందా? తల అడ్డంగా ఊపుతుందా?

వెనక ఎల్‌ఈడీ తెర ఇంకొకటి. హస్తినాపురం కోట, అందులో కదిలే మబ్బులు. దుర్యోధనుడు కర్ణుడితో మాట్లాడుతుంటే నెమలి అటు నుంచి ఇటు నడుస్తుంది. జనం నెమలిని చూస్తారు.

గ్రీసువాళ్ళ దగ్గర ఎపిడారస్‌లో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో కట్టిన రాతి రంగస్థలం ఇప్పటికీ ఉంది. పధ్నాలుగు వేల మంది దాకా కూచోవచ్చు. పై వరస వాడికి కూడా కింద నటుడి మాట మైకు లేకుండా అందుతుందని పేరు. 1954లో అక్కడ మళ్ళీ నాటకోత్సవం మొదలెట్టాలని గ్రీసు జాతీయ నాటకశాల మొట్టమొదట ఆడించింది ఏదనుకున్నారు? హిప్పొలిటస్. అంటే వాళ్ళ సారంగధర. అప్పట్నుంచీ వేసవి వస్తే జనం ఆ రాళ్ళ మీదే కూచుని నాటకం మొత్తం చూస్తున్నారు.

అక్కడా అందరూ నా మాట వినేవాళ్ళేం కాదు. ఆ ఫీడ్రా కథని 2023లో లండన్ నేషనల్ థియేటర్లో సైమన్ స్టోన్ అనే ఆయన తిరిగే అద్దాల పెట్టెలో పెట్టి ఆడించాడు. 2019లో ఎపిడారస్‌లోనే ఐవో వాన్ హోవ్ ఎలెక్ట్రాని బురదలో దొర్లించాడు. బురద చూడ్డానికి గ్రీసు దాకా ఎందుకు, వానాకాలం మా వీధికి వస్తే సరిపోతుంది.

కానీ సరిగ్గా చేసినవాళ్ళని సరిగ్గా చేశారనాలి. 1981లో పీటర్ హాల్ ‘ఒరెస్టియా’ని మగవాళ్ళతోనే, ముసుగులతోనే ఆడించి, మరుసటేడు ఎపిడారస్ తీసుకెళ్ళాడు. ఫ్రాన్సులో ఆరియాన్ మ్నూష్కిన్ 1990లలో ఆ ఒరెస్టియా వంశం కథకే మన కథకళి వేషాల పోలికలు తెచ్చుకుంది. ఆటా పాటా లేకుండా ఆ నాటకం నడవదని ఆవిడకి అర్థమైంది. మన దేశంలోనూ 1964లో శంభు మిత్ర బెంగాలీలో ‘రాజా ఈడిపస్’ ఆడాడు. లంకేశ్ కన్నడంలోకి తెచ్చిన ఈడిపస్‌ని 1972లో బి.వి. కారంత్ బెంగళూరులో ఆరుబయట ఆడించాడు. ఆ కారంతే తరవాత మన సురభి వాళ్ళ దగ్గరికి వచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించాడు. ఈడిపస్ చేయించినవాడికి పద్యం పాడేవాళ్ళ విలువ తెలిసింది. మనకి తెలియలేదు.

ఇక మా ఊరి సంగతి. 2019లో ఇక్కడ వాసవీ అమ్మవారి 90 అడుగుల పంచలోహ విగ్రహం పెట్టారు. దేశం నలుమూలల నుంచీ వచ్చి దణ్ణం పెట్టుకుని వెళుతున్నారు, మంచిదే. కానీ విగ్రహానికి ముందు అక్కడున్నది కథ. బలవంతుడైన రాజు విష్ణువర్ధనుడు పిల్లనిమ్మన్నాడు. 714 గోత్రాల వాళ్ళు కూడి ఇద్దామా, నిలబడదామా అని తర్జనభర్జన పడ్డారు. 102 గోత్రాల వాళ్ళు అమ్మవారి పక్షాన నిలిచి అగ్నిప్రవేశం చేశారని పురాణం. గురజాడ వారు ‘కన్యక’ రాసింది ఈ కథ మీదే. ఇలాంటిదే గ్రీకు కవి ఎస్కిలస్ నాటకం ఒకటుంది. ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని యాభై మంది ఆడపిల్లలు ఆర్గోస్ నగరానికి శరణంటూ వస్తారు. కాపాడితే యుద్ధం తప్పదు. ఆ రాజు నేనొక్కణ్ణీ తేల్చలేనని ఊరందరి ముందూ పెడతాడు. ఊరు చేతులెత్తి సరేనంటుంది. ఆ ఊరి ప్రశ్నా, మా ఊరి ప్రశ్నా ఒకటే.

2016లో ఎడిన్‌బరోలో డేవిడ్ గ్రెగ్ ఆ నాటకాన్ని మళ్ళీ రాసినప్పుడు కోరస్‌కి నటీమణుల్ని పెట్టలేదు. ఊళ్ళో మామూలు ఆడపిల్లల్ని పోగుచేసి నేర్పించారు. ఇంకో ఊరు వెళితే ఆ ఊరి పిల్లలే. పైగా నాటకం మొదట్లో డబ్బు ఎవరిచ్చారో పాత పద్ధతిలో ప్రకటించారు. చందాదారుల పేర్లు చదవడం మనకి కొత్తా? కాకపోతే వాళ్ళు చదివేసి నాటకం మొదలెట్టారు. మనం చదువుతూనే ఉంటాం.

ఊరికీ నాటకానికీ తగాదా కూడా పాతదే. మిలెటస్ అనే నగరాన్ని పర్షియన్లు పట్టుకున్న కథని ఫ్రినికస్ నాటకం కడితే ఏథెన్సంతా వలవలా ఏడ్చి, మా కష్టం మాకు గుర్తుచేస్తావా అని ఆయనకి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం మళ్ళీ ఎవరూ ఆడకూడదన్నారు. మన దగ్గర 2022 జనవరిలో ప్రభుత్వం ‘చింతామణి’ని నిషేధించింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. పెనుగొండలో కూచుని ఈ మాట నెమ్మదిగా అనాలి. అందులోని సుబ్బిశెట్టి వేషం చూసి నొచ్చుకున్నవాళ్ళు నా పక్కింటివాళ్ళే, వాళ్ళ నొప్పి అబద్ధం కాదు. అయితే కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యాలోలత్వం మీద నాటకం. తరవాత వేషగాళ్ళు ఈలల కోసం ఎవరి నోటికొచ్చింది వాళ్ళు కలిపారు. ఆ కల్తీని తీసెయ్యమంటే నేనూ సంతకం పెడతాను. పుస్తకాన్నే అటకెక్కించమంటే పెట్టను.

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక్కటే మాటంది. "మీ రోజులు మీ రోజులంటారు, ఆ రోజుల్లో మేమెక్కడున్నాం? మీరంతా ముందు చాపల మీద, మేము వెనకాల దోమల్లో. పిల్ల ఏడిస్తే లేచి ఇంటికి. నేను హరిశ్చంద్రకి ఎన్నోసార్లు వచ్చాను, కాటిసీను ఒక్కసారీ చూడలేదు." వేషం కట్టిన ఆడదాని గురించి ఊరు ఎలా మాట్లాడేదో కూడా గుర్తుచేసింది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే కింద రాసేదాంట్లో ఆవిడ వాటా ఉంది.

పెనుగొండ పెద్దలకీ, చుట్టుపక్కల కళాసమితుల వాళ్ళకీ, పరిషత్తులు నడిపే పాలకొల్లు మిత్రులకీ ఒక మనవి. వచ్చే దసరాకి ‘విషాద సారంగధర’ మొదటి ప్రార్థన నుంచి ఆఖరి పద్యం దాకా, ముక్క తగ్గకుండా ఒక్కసారి ఆడిద్దాం. హార్మోనిస్టు మనిషే ఉండాలి. కోరస్‌గా మన బుర్రకథ వంతల పద్ధతిలో ఊళ్ళో ఆడపిల్లల్నీ, కాలేజీ కుర్రాళ్ళనీ నిలబెట్టండి. రాజు చేసేది తప్పని తెలిసీ ఆపలేని ఊరు వాళ్ళే అవుతారు. ముందు వరసలు ఆడవాళ్ళకి. శాలువాలు మర్నాడు పొద్దున కప్పుకోండి. సూటు వేస్తానన్న కుర్రాడుంటే వద్దనను, పద్యం మాత్రం శ్రుతిలో పాడాలి. ప్రాంప్టింగ్ నేను చెబుతాను, కళ్ళజోడు మార్పించుకున్నాను. చందా పుస్తకంలో మొదటి పేరు నాది రాసుకోండి.